నలభై రెండేళ్ల ‘కొత్త కుర్రాడు’

1965 సెప్టెంబరు 25 రాత్రి. అమెరికాలోని కాన్సస్ సిటీ మున్సిపల్ స్టేడియం. మైదానం అంచున ఒక ఊగుడు కుర్చీ. అందులో పొడుగాటి కాళ్లు చాపుకుని కూర్చున్నాడొక నల్లజాతి పెద్దాయన. పక్కన తెల్ల యూనిఫాంలో ఒక నర్సు. టికెట్లు అమ్ముకోవడానికి ఆథ్లెటిక్స్ జట్టు యజమాని చార్లీ ఫిన్లీ వేసిన ఎత్తు అది. పెద్దాయనకు అప్పటికి 59 ఏళ్లు నిండి రెండు నెలలు దాటింది.

ఆట మొదలైంది. కుర్చీలోంచి లేచి వెళ్లిన ఆయన మూడు ఇన్నింగ్స్ పాటు బంతి విసిరి, బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకు ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. అందుకు 28 బంతులు సరిపోయాయి. ఆయన బంతిని సరిగ్గా కొట్టగలిగింది కార్ల్ యస్త్రెమ్‌స్కీ ఒక్కడే. నాలుగో ఇన్నింగ్స్ ముందు ఆయన్ని వెనక్కి పిలిచారు. స్టేడియంలో దీపాలు ఆర్పేశారు. చీకట్లో జనం అగ్గిపుల్లలు వెలిగించి, పాట పాడి సాగనంపారు.

ఆయన పేరు లెరాయ్ రాబర్ట్ పేజ్. లోకమంతా సాచెల్ పేజ్ అంటుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అంత పెద్ద వయసులో ఆడినవాడు ఆయనకు ముందూ లేడు, తరువాతా లేడు. అరవై దాటాక కూడా రంజీ ట్రోఫీలో బ్యాటు పట్టిన మన సి.కె. నాయుడు గురించి పెద్దల నోట విన్నవాళ్లకు ఆ దృశ్యం సులువుగానే కళ్లకు కడుతుంది. అయితే పేజ్ కథలో వయసును మెచ్చుకుని ఊరుకుంటే అసలు సంగతి జారిపోతుంది. ఆయన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిందే 42వ ఏట. అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా ఆయన ఎక్కడున్నాడు?

ఆడుతూనే ఉన్నాడు. తెల్లవాళ్ల లీగులు చూడనన్నాయి, అంతే.

క్రికెట్ తెలిసినవారి కోసం ఒక మాట. బేస్‌బాల్‌లో బౌలర్ స్థానంలో ఉండేవాడు పిచర్. పరుగెత్తుకుంటూ రాడు. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న హోమ్ ప్లేట్ మీదుగా బంతి విసురుతాడు. బంతి నేలను తాకకుండా నేరుగా వెళ్తుంది. బ్యాటర్ మూడు మంచి బంతులను వదిలేసినా, కొట్టబోయి తప్పినా స్ట్రైక్ అవుట్. పిచ్ సాయం ఉండదు కనుక వేగం, గురి, మోసం మూడూ పిచర్ చేతిలోంచే పుట్టాలి. ఈ మూడూ పేజ్‌కు దండిగా ఉన్నాయి.

1906 జులై 7న అలబామా రాష్ట్రంలోని మొబీల్ పట్టణంలో పుట్టాడు. పన్నెండుమంది సంతానంలో ఒకడు. తండ్రి తోటమాలి, తల్లి లూలా ఇళ్లకు బట్టలుతికేది. రైల్వే స్టేషన్‌లో ప్రయాణికుల సామాన్లు మోసి చిల్లర సంపాదించేవాడు. కర్రకు తాళ్లతో సంచులు వేలాడదీసి, కావడిలా భుజానికెత్తుకుని ఒకేసారి నాలుగైదు మోసేవాడినని, అందుకే సంచి అని అర్థం వచ్చే ‘సాచెల్’ అనే పేరు పడిందని ఆయన చెప్పుకునేవాడు. కాదు, సంచి ఎత్తుకుపోతూ దొరికినందుకే ఆ పేరు వచ్చిందని చిన్ననాటి స్నేహితుడొకరు అనేవాడు. ఏది నిజమైనా పన్నెండేళ్ల వయసులో చిల్లర దొంగతనానికి, బడి ఎగ్గొట్టినందుకు ఆ పిల్లవాణ్ని మౌంట్ మెగ్స్‌లోని నల్లజాతి పిల్లల దిద్దుబాటు పాఠశాలకు పంపారు. అయిదేళ్లు అక్కడే ఉన్నాడు. ఎడారిలో చెలమలా దొరికాడు కోచ్ ఎడ్వర్డ్ బర్డ్. బంతి విసిరేముందు కాలు ఆకాశానికెత్తి బ్యాటర్ చూపును కమ్మేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

1926లో చట్టనూగా బ్లాక్ లుకౌట్స్ జట్టుతో వృత్తి ఆట మొదలైంది. మరుసటి ఏడాదికి బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్. మేజర్ లీగ్‌లో నల్లవాళ్లను ఆడనిచ్చేవారు కాదు. రాతపూర్వకమైన చట్టమేదీ అక్కర్లేదు, యజమానుల కట్టుబాటు చాలు. అందుకే 1920లో రూబ్ ఫాస్టర్ చొరవతో కాన్సస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్ పుట్టింది.

అక్కడి జీతాలతో ఏడాదంతా గడవదు. సీజను ముగిశాక జట్లు ఊళ్లు పట్టుకు తిరిగేవి. మన సురభివాళ్లు ఊరూరా డేరాలు వేసి నాటకం ఆడినట్టు, ఇవాళ ఈ ఊరు, రేపు ఆ ఊరు. వేల మంది చప్పట్లు కొట్టిన పట్టణంలోనే రాత్రికి హోటల్ గది దొరక్క బస్సులో పడుకున్న రోజులున్నాయి. ఆటకు ముందు పేజ్ హోమ్ ప్లేట్ స్థానంలో చూయింగ్ గమ్ కాగితం పెట్టి, దాని మీదుగా బంతులు విసిరి గురి చూసుకునేవాడు. ఒక్కోసారి దూరంగా ఉన్న ఫీల్డర్లను దగ్గరికి పిలిచి కూర్చోమనేవాడు. ఇక బంతి అటు రాదని ధీమా. తన బంతులకు పేర్లు కూడా పెట్టుకున్నాడు: బీ బాల్, ట్రబుల్ బాల్, మిడ్‌నైట్ రైడర్. అన్నింటికంటే పేరుమోసింది ‘హెసిటేషన్ పిచ్’. ఎత్తిన ఎడమకాలు నేలను తాకుతుంది, బంతి వచ్చేసిందనుకుని బ్యాటర్ కదులుతాడు, కానీ చేయి మాత్రం వెనకే ఒక క్షణం ఆగిపోతుంది. బంతి బయలుదేరేసరికి అవతలివాడి బ్యాటు సగం తిరిగిపోయి ఉంటుంది.

ఎవరు ఎక్కువ ఇస్తే అటు వెళ్లేవాడని ఆయన మీద నింద ఉంది. నిజమే, వెళ్లేవాడు. పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్‌ను వదిలి నార్త్ డకోటాలోని బిస్మార్క్‌లో, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఆడే జట్టుకు వెళ్లాడు. 1937లో డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహియో పేరుతో నడిచే జట్టుకు ఆడటానికి జోష్ గిబ్సన్, కూల్ పాపా బెల్ వంటి ఉద్దండులతో పాటు సముద్రం దాటాడు. ఓడితే ప్రాణాలతో వెళ్లనివ్వరేమోనని, తుపాకులతో సైనికులు చూస్తుండగా ఆఖరి ఆట ఆడామని తరువాత కథలు కథలుగా చెప్పాడు. గెలిచి బయటపడ్డారు. తన ప్రతిభకు తగిన తలుపు మూసేసిన చోట, తెరిచి ఉన్న తలుపులన్నీ తట్టినవాణ్ని తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

1938లో మెక్సికోలో చేయి పడిపోయింది. భుజం ఎత్తలేని స్థితి. పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. కాన్సస్ సిటీ మోనార్క్స్ యజమాని జె.ఎల్. విల్కిన్సన్ ఒక్కడే పిలిచి, ఊళ్లు తిరిగే తన రెండో జట్టులో చోటిచ్చాడు. పేరు చూసి జనం వస్తే చాలనుకున్నాడు. నెలలు గడిచేసరికి చేయి తిరిగొచ్చింది. 1942 నీగ్రో వరల్డ్ సిరీస్‌లో పరుగు దారిలోని మూడు మజిలీలూ (బేస్‌లు) ప్రత్యర్థులతో నిండి ఉండగా, తన పాత సహచరుడు, ఆ కాలపు భీకర హిట్టర్ జోష్ గిబ్సన్‌ను స్ట్రైక్ అవుట్ చేశాడు. గిబ్సన్‌ను ఎదుర్కోవడానికి కావాలనే బేస్‌లు నింపాడన్నది జనం నోట పెరిగిన కథ. అవుట్ చేసిన మాట నిజం. ఆ సిరీస్ మోనార్క్స్‌దే.

1947 ఏప్రిల్ 15న రంగు గోడ కూలింది. మోనార్క్స్‌లో ఒక సీజను ఆడిన జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మేజర్ లీగ్‌లో దిగాడు. తనకంటే పన్నెండేళ్లు చిన్నవాడికి ఆ గౌరవం ముందు దక్కడం పేజ్‌ను గుండెల్లో పొడిచింది.

ఆయన వంతు 1948లో, సరిగ్గా పుట్టినరోజున వచ్చింది. క్లీవ్‌లాండ్ ఇండియన్స్ యజమాని బిల్ వీక్ జులై 7న సంతకం చేయించాడు. ముసలి పిచర్‌ను తెచ్చి ఆటను చులకన చేస్తున్నారని, తెల్లవాడైతే వీక్ అతని వంక చూసేవాడే కాదని ‘స్పోర్టింగ్ న్యూస్’ సంపాదకుడు టేలర్ స్పింక్ మండిపడ్డాడు. జవాబు మైదానంలో వచ్చింది. ఆగస్టులో మొదటి బంతి నుంచీ పేజ్ వేసిన మూడు ఆటలకే రెండు లక్షలకు పైగా జనం విరగబడ్డారు. ఆగస్టు 20న క్లీవ్‌లాండ్‌లో 78,382 మంది చూస్తుండగా షికాగో వైట్ సాక్స్‌ను సున్నాకు కట్టేశాడు. ఆ సీజనులో ఆరు గెలుపులు, ఒకే ఓటమి. బ్యాటర్లు తికమకపడుతున్నారని లీగ్ అధ్యక్షుడు విల్ హారిడ్జ్ హెసిటేషన్ పిచ్‌ను నిషేధించాల్సి వచ్చింది. ఆ అక్టోబరులో వరల్డ్ సిరీస్‌లో బంతి విసిరిన తొలి నల్లజాతి పిచర్ అయ్యాడు. తరువాత సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కు ఆడుతూ 1952, 1953లో ఆల్ స్టార్ జట్టులోకి ఎంపికయ్యాడు.

అయినా 2024 వరకూ మేజర్ లీగ్ పుస్తకంలో ఆయన గెలుపులు 28 మాత్రమే. రెండు వేలకు పైగా ఆటలు గెలిచానని చెప్పుకున్న మనిషికి లెక్కకెక్కినవి అవి. పింఛనుకు అవసరమైన అయిదేళ్ల సర్వీసుకు 158 రోజులు తక్కువయ్యాయి. 1968లో అట్లాంటా బ్రేవ్స్ జట్టు ఆయన్ని చేర్చుకుని ఆ లోటు తీర్చింది. అది దయ కాదు, బాకీ.

1966లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన రోజున తెల్లజాతి దిగ్గజం టెడ్ విలియమ్స్ తన ప్రసంగంలో పేజ్, గిబ్సన్‌ల పేర్లెత్తి, వాళ్లకూ ఇక్కడ చోటుండాలని కోరాడు. 1971లో పేజ్‌ను ఎన్నుకున్నారు. నీగ్రో లీగ్స్ నుంచి ఆ గౌరవం పొందినవాళ్లలో ఆయనే మొదటివాడు. కానీ ముందుగా తలపెట్టింది నీగ్రో లీగ్స్‌వాళ్లకు విడిగా ఒక విభాగం! పటం గోడమీద కూడా వేరు పంక్తి. నిరసనలు చెలరేగాక పట్టు సడలించి, ఆగస్టు 9న అందరితో సమానంగా చేర్చుకున్నారు.

1982 జూన్ 8న కాన్సస్ సిటీలో ఆయన కన్నుమూశాడు. దానికి మూడు రోజుల ముందే ఊళ్లోని ఒక బేస్‌బాల్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

నీగ్రో లీగ్స్‌ను మేజర్ లీగ్‌లుగా 2020 డిసెంబరులో గుర్తించారు. 2024 మే నెలాఖరులో వాటి గణాంకాలు అధికారిక రికార్డుల్లో కలిశాయి. ఆ పుస్తకం ప్రకారం సాచెల్ పేజ్ మేజర్ లీగ్ ఆటగాడైన సంవత్సరం ఇప్పుడు 1948 కాదు, 1927.