బూజు చేసే కంసాలి పని

మా నాన్న కంసాలి. నేను మాత్రం హైదరాబాదు శివారులో ఒక మందుల ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు ఫెర్మెంటర్ల దగ్గర పనిచేశాను. కొలెస్టరాల్ తగ్గించే లోవాస్టాటిన్ తీసేవాళ్లం. చేసేది ఆస్పర్జిల్లస్ టెర్రియస్ అనే బూజు. మేం దానికి తిండి పెట్టి, గాలి ఊది, రోజుల తరబడి కాపలా కాసేవాళ్లం.

ముక్క వాసనొస్తే మా అమ్మ ఆ బియ్యం పారబోసేది. స్టాటిన్లనే ఈ జాతి మందుల్లో మొదటిది దొరికింది అలాంటి బియ్యంలోనే. జపాన్‌లో అకితా ప్రాంతపు రైతుబిడ్డ అకీరా ఎండో, సాంక్యో కంపెనీలో మొదట పండ్లరసాన్ని తేర్చే బూజు ఎంజైము మీద పనిచేశాడు. బూజులు తోటి సూక్ష్మజీవుల్ని చంపడానికి, వాటిలో కొలెస్టరాల్ లాంటి స్టెరాల్ తయారీని అడ్డుకునే పదార్థమేదో చేస్తుండాలని ఆయన ఊహ. 1971 నుంచి రెండేళ్లు 6,000 సూక్ష్మజీవుల్ని వడబోశాడు. చివరికి క్యోటోలో ఒక ధాన్యం కొట్టు బియ్యం మీది నీలిపచ్చ బూజు, పెనిసిలియం సిట్రినం, కాంపాక్టిన్‌ను ఇచ్చింది.

ఎలుకలకు పెడితే కొలెస్టరాల్ తగ్గలేదు. పని అక్కడితో ఆగిపోవలసిందే. గుడ్లు పెట్టే కోడి ఒంట్లో కొలెస్టరాల్ జోరుగా తయారవుతుంది కదా అని కోళ్లకు పెట్టి చూశారు. తగ్గింది! ఆయన పనంతటిలో నాకు ఇదే గొప్పగా తోస్తుంది. కాంపాక్టిన్‌కూ మేం తీసిన లోవాస్టాటిన్‌కూ ఒక్క మిథైల్ గుంపే తేడా. 1987లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి స్టాటిన్ లోవాస్టాటినే.

బూజు లోపలి పనితనం గురించి నేను చదువుకున్నది రిటైరయ్యాకే. చదువుతుంటే కుంపటి ముందు కూర్చున్న నాన్నే కళ్లముందు మెదిలాడు. లోవ్‌బి అనే ఒకే ఎంజైము, రెండేసి కార్బన్ల ముక్కలు తొమ్మిదింటిని ఒకదాని వెంట ఒకటి టంకం పెట్టినట్టు అతుకుతుంది. లంకె లంకెకూ ఆగి, దాన్ని ఎంత మలచాలో, ఎక్కడ అలాగే వదిలేయాలో తేలుస్తుంది. మూడు లంకెల దగ్గర మాత్రం లోవ్‌సి అనే మరో ఎంజైము వచ్చి చెయ్యి వేయాలి. మధ్యలో గొలుసు మడతపడి రెండు వలయాలుగా బిగుసుకుంటుంది. ఇలా దాదాపు 35 రసాయన చర్యలు. 2009లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు లోవ్‌బిని యీస్టులో తయారుచేయించి, బయటికి తీసి, పరీక్షనాళికలో ఈ పని చేయించారు.

తర్వాత లోవ్‌ఎ ఒక ఆక్సిజన్‌ను కొక్కెంలా బిగిస్తుంది. లోవ్‌ఎఫ్ చిన్న లాకెట్ చేసి ఇస్తే, లోవ్‌డి దాన్ని ఆ కొక్కేనికి తగిలిస్తుంది.

ఒక రాత్రి కంప్రెసర్ ఆగిపోయి మా బ్యాచ్ పాడైంది. బూజుకు ఊపిరి అందలేదన్నంతవరకే అప్పట్లో మాకు తెలుసు. ఆ కొక్కెం ఆక్సిజన్ వచ్చేది గాలి నుంచే. మేం ఊదిన గాలిలోది ఒక్కో మందు అణువులో ఒక్కో ఆక్సిజన్ పరమాణువుగా ఉండిపోయింది.