ద్రవ నైట్రోజన్ నుంచి అల్యూమినియం రెక్కల దాకా

మన ఇళ్ళల్లో పాత డీవీడీ రైటర్లు ఇప్పుడు గరాజుల్లో మూలపడి ఉన్నాయి. సైన్సు ప్రాజెక్టు కోసం పిల్లలు వాటిని విప్పి, లోపలున్న లేజర్ డయోడును బయటికి తీస్తూ ఉంటారు. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే ఈ కథ చెప్పండి.

1962 సెప్టెంబరులో, న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో రాబర్ట్ హాల్ బృందం గాలియం ఆర్సెనైడ్ తునకతో తొలి సెమీకండక్టర్ లేజరు చేసింది. అయితే అది పనిచేయాలంటే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్లో ముంచాలి. కరెంటు కూడా మైక్రోసెకన్ల పాటే ఇవ్వాలి. అంత చలిలోనే చదరపు సెంటీమీటరుకు దాదాపు 8,500 ఆంపియర్లు కావాల్సి వచ్చింది! వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువ కరెంటు కావాలి, ఆ కరెంటుతో వేడి మరింత పెరుగుతుంది. లేజరుకు పుట్టుకతోనే వచ్చిన జబ్బు ఇదన్నమాట.

తక్కువ కరెంటుతో నడవడానికి వేర్వేరు పదార్థాల పొరల మధ్య కాంతిని బంధించవచ్చని 1963లో హెర్బర్ట్ క్రోమర్ అమెరికాలోనూ, జోరెస్ అల్ఫెరోవ్ సోవియట్ దేశంలోనూ విడివిడిగా సూచించారు. ఈలోగా 1967లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు వేడిని లాగెయ్యడానికి డయోడును ఏకంగా వజ్రం మీద కూర్చోబెట్టారు! చివరికి 1970లో గది ఉష్ణోగ్రత దగ్గర ఆగకుండా వెలిగే లేజరు లెనిన్‌గ్రాడ్‌లో అల్ఫెరోవ్ బృందానికి, కొద్ది వారాల తేడాతో న్యూజెర్సీ మర్రే హిల్‌లో హయాషి, పానిష్‌లకు సాధ్యమైంది. మన ఎడిసన్ వాళ్ళకి అది కారులో కాసేపటి దూరమే. 2000లో నోబెల్ అల్ఫెరోవ్, క్రోమర్‌లకు వచ్చింది. హయాషి, పానిష్‌ల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు, అది నాకు కొంచెం వెలితే.

ఇక గరాజుకు వద్దాం. పిల్లలు ఎల్ఎం317 అనే చవక రెగ్యులేటరుతో డ్రైవరు కట్టుకుంటారు. లేజరుకు వోల్టేజి కన్నా కరెంటు స్థిరంగా ఉండడం ముఖ్యం కాబట్టి ఆలోచన మంచిదే. కానీ లెక్క చూడండి. 12 వోల్టులు ఇచ్చి 0.2 ఆంపియర్లు పంపితే, 2.5 వోల్టులు తీసుకునే లేజరుకు వెళ్ళేది అర వాటు. మిగిలిన 1.9 వాట్లూ డ్రైవరులోనే వేడిగా తగలడతాయి. సరఫరాను 7 వోల్టులకు దించితే అది 0.9 వాట్లకు తగ్గుతుంది. రెగ్యులేటరును అల్యూమినియం రెక్కలకు బిగించాలి. దాని లోహపు తోకలో కూడా కరెంటు ఉంటుంది, కనుక లేజరు బిగించిన లోహానికి తగలకుండా మధ్యలో మైకా ముక్క పెట్టాలి. మరీ కాలిపోతే రెగ్యులేటరు తనంతట తానే ఆగిపోతుంది. లేజరుకు పాపం ఆ ఏర్పాటు లేదు, దాన్నీ రాగి లేదా ఇత్తడి దిమ్మలో బిగించాల్సిందే.

ఇంకొక్క మాట. అమెరికాలో చేతి పాయింటర్లకు పరిమితి 5 మిల్లీవాట్లు. డీవీడీ రైటరు డయోడు వంద మిల్లీవాట్లు కూడా దాటుతుంది, రెప్ప వేసేలోపే కన్ను పోవచ్చు. ఆ రంగుకు సరిపడే రక్షణ కళ్ళద్దాలు లేనిదే స్విచ్చి వెయ్యనివ్వకండి.