ఫీజు రీయింబర్స్‌మెంట్ (శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు)

ఫీజు రీయింబర్స్‌మెంట్ అనునది పేద విద్యార్థుల కళాశాల రుసుమును ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము భరించు పథకము. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2008లో విస్తృతముగా అమలులోనికి వచ్చినది. శ్రీకాకుళం సమీపమున ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయము ఏర్పడినదీ ఆ సంవత్సరమే.

పూర్వము ఈ ప్రాంతపు పేద విద్యార్థికి దాతల ఆశ్రయమే దిక్కు. తండ్రిని కోల్పోయిన గురజాడ అప్పారావుకు విజయనగరం మహారాజా కళాశాల ప్రధానాచార్యుడు చంద్రశేఖర శాస్త్రి ఉచితముగా భోజనవసతులు కల్పించెను.

== దరఖాస్తు ==
విద్యార్థి తన కళాశాల ద్వారా జ్ఞానభూమి వెబ్‌సైటులో దరఖాస్తు చేయవలెను. ఆధార్ సంఖ్యతో పాటు ఆదాయ, కుల ధ్రువపత్రములు అవసరము. హాజరు 75 శాతమునకు తగ్గరాదు. చేరిన తరువాత పత్రములకై తిరుగుట కంటె ముందుగానే సిద్ధపరచుకొనుట మేలు.

== మార్పులు ==
2020లో జగనన్న విద్యాదీవెన అను పేరుతో, వార్షికాదాయ పరిమితి 2.5 లక్షల రూపాయలుగా, పథకము అమలైనది; తరువాత సొమ్మును తల్లి ఖాతాలో జమచేయసాగిరి. వసతి ఖర్చులకు వసతిదీవెన వేరుగా ఉండెడిది. డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 రూపాయలు. అదే డిసెంబరులో వెలువడిన 77వ నంబరు ఉత్తర్వు ప్రైవేటు కళాశాలల పి.జి. విద్యార్థులను పథకమునుండి తొలగించెను. దానితో పేదవానికి ఎచ్చెర్ల వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములో సీటు దొరకుటయే కీలకమైనది. 2024లో ప్రభుత్వము మారిన పిదప రుసుమును మరల నేరుగా కళాశాలలకే చెల్లింప నిర్ణయించిరి. ఏ ప్రభుత్వమున్నను సొమ్ము విడతలుగా, తరచు ఆలస్యముగా అందినది. బకాయి తీరువరకు కళాశాలలు ధ్రువపత్రములు ఆపిన సందర్భములు కలవు.