గంటలో ముగియని ఆట

తొంభైల్లో కంప్యూటర్ కోచింగ్‌కి వెళ్ళినవాళ్ళకి ఆ తెల్లబట్టల కుర్రాడు గుర్తుండే ఉంటాడు. సార్ అటు వెళ్ళగానే డాస్ తెర మీద పరుగు మొదలు. ఒక పలక మీద కాలు పెడితే తలుపు లేస్తుంది, ఇంకోదాని మీద పెడితే మూసుకుపోతుంది, ఆదమరిస్తే ఇనప మేకుల పాలు. చేతిలో ఉన్నది ఒక్క గంట. అదే ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’.

1989లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చిన ఈ ఆటను అమ్మింది బ్రోడర్‌బండ్ కంపెనీయే అయినా, ప్రోగ్రామూ బొమ్మలూ జోర్డాన్ మెక్నర్ అనే యువకుడి ఒంటిచేతి పని. సంగీతం వాళ్ళ నాన్నది. పరుగు తమ్ముడిది. 1985లో తమ్ముణ్ణి పరుగెత్తించి, గెంతించి వీడియో తీసి, ఆ కదలికల్ని ఫ్రేము ఫ్రేముగా బొమ్మల్లోకి దించాడు. ఇంతలో మెమరీ నిండిపోయింది. కొత్త శత్రువుకి చోటు లేదు. దాంతో రాకుమారుడి బొమ్మనే కాస్త జరిపి, దాని మీద దాన్నే వేసి నీడమనిషిని పుట్టించాడు. అద్దంలోంచి దూకివచ్చే ఆ నీడని చివర్లో నరికామా, చచ్చేది మనమే. కత్తి ఒరలో పెట్టాలి. లేమిలోంచి ఇంత చక్కటి చిక్కుముడి పుట్టడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

కమడోర్ 64 కంప్యూటర్‌కి మాత్రం ఆ రోజుల్లో ఈ ఆట రాలేదు. ఆ లోటు 22 ఏళ్ళకి, 2011లో, ‘మిస్టర్ సిడ్’ అనే మారుపేరున్న అభిమాని తీర్చాడు. మూల ప్రోగ్రాము చేతిలో లేదు. ఆపిల్ ఆటనే విప్పి చదువుకున్నాడు. విచిత్రమేమంటే, పోయిందనుకున్న ఆ మూలం మరుసటి ఏడాదే మెక్నర్ తండ్రి ఇంట్లో అలమరలో వెనకెక్కడో, ఫ్లాపీల పెట్టెలో దొరికింది. మెక్నర్ దాన్ని 2012 ఏప్రిల్‌లో గిట్‌హబ్ అనే సైట్‌లో అందరికీ పెట్టేశాడు. దాని ఆధారంగా 2018లో బీబీసీ మాస్టర్ అనే పాత బ్రిటిష్ కంప్యూటర్ మీదికీ అభిమానులే ఆటను ఎక్కించారు.

2007లో యూబీసాఫ్ట్ కంపెనీ కూడా ఈ ఆటకి కొత్త రంగులద్దింది. తళుకుంది గానీ, నా ఓటు అభిమానులకే. మనం ఆడిన డాస్ ఆటను విప్పి సీ భాషలో తిరగరాసిన ‘ఎస్‌డీఎల్‌పాప్’ చూడండి. విండోస్, లినక్స్ రెండిట్లోనూ నడుస్తుంది, ఉచితం. గెంతులో బరువు అదే, అంచు పట్టుకుని వేలాడే క్షణమూ అదే. పాత ఆటలోని తప్పుల్ని కూడా పారేయలేదు. వాటిని సరిచేసుకోవాలా, అలాగే ఉంచుకోవాలా అన్నది ఆడేవాళ్ళ ఇష్టానికే వదిలేశారు.