ఓకా నది ఒడ్డున ఖానుల పట్నం

రష్యా అనగానే మనవాళ్ళకు మాస్కో, మంచు, జార్ చక్రవర్తులు గుర్తొస్తారు. ఆ మాస్కో ప్రభువుల నీడలోనే ఒక చిన్న ముస్లిం సంస్థానం 1452 నుండి 1681 వరకు, అంటే 229 ఏళ్ళు నిలిచిందంటే ఆశ్చర్యం కలుగక మానదు. దాని ముఖ్యపట్నం కాసిమోవ్. రియాజాన్ ప్రాంతంలో, ఓకా నది ఎడమ గట్టున ఉన్నది. ఈ ఓకా పోయి పోయి వోల్గాలో కలుస్తుంది.

1152లో యూరీ దొల్గొరూకీ అనే రష్యన్ రాజు ఈ ఊరికి పునాది వేశాడని చెబుతారు. అప్పటి పేరు గొరొదెత్స్ మెషేర్స్కీ. 1445లో తాతారు ఖాన్ ఉలుగ్ ముహమ్మద్ సేనలు మాస్కో ప్రభువు రెండవ వాసిలీని సుజ్దాల్ దగ్గర ఓడించి బందీగా పట్టుకున్నాయి. పెద్ద మొత్తం ఒప్పుకొని వాసిలీ విడుదలయ్యాడు. తరువాత ఖాన్ కొడుకుల్లో ఒకడైన కాసిం వాసిలీ కొలువులో చేరాడు. 1452లో ఈ పట్నం అతని పరమైంది. సరిహద్దు కాపలాకు ఇచ్చాడని కొందరు చరిత్రకారులు, పాత ఒప్పందం తీర్చడానికి ఇచ్చాడని మరికొందరు అంటారు. ఏదైతేనేం, ఊరికి కాసిం పేరే స్థిరపడింది.

ఇక పరిపాలన సంగతి. గద్దె మీద ఖాన్ ఉండేవాడు, కాని అతణ్ణి నియమించేది మాస్కో. ఊరి రాబడిలో ఖానుకు వాటా ఉండేది. మొదట్లో మాస్కో ప్రభువులు కూడా కొంత సొమ్ము పంపేవారు. 1504 నాటి మూడవ ఇవాన్ వీలునామాలో ఆ పద్దు కనిపిస్తుంది. ఖానుకు సలహా చెప్పడానికి నాలుగు పెద్ద తెగల నాయకులుండేవారు. వారిని కరాచీలనేవారు. రష్యన్ జనం వ్యవహారాలు మాత్రం వొయెవోదా అనే మాస్కో అధికారి చూసేవాడు. పదిహేడవ శతాబ్దం వచ్చేసరికి, ఖాన్ ఎవరెవరితో మాట్లాడుతున్నాడో కూడా ఆ అధికారే కనిపెట్టి ఉండేవాడు.

ఈ ఖానుల్లో పేరుమోసినవాడు షా అలీ. మాస్కో మద్దతుతో మూడుసార్లు కజాన్ గద్దె ఎక్కాడు, మూడుసార్లూ దిగవలసి వచ్చింది. 1552లో ఇవాన్ ది టెర్రిబుల్ కజాన్ మీదికి దండెత్తినప్పుడు షా అలీ అతని పక్షానే ఉన్నాడు. తోటి తాతారుల రాజ్యం కూలడం కళ్ళారా చూశాడు. మూడేళ్ళకు, హిజ్రీ 962లో, అంటే 1555లో అతను కట్టించిన రాతి మక్బరా నేటికీ ఉన్నది. తరువాతి కాలంలో కజకు వంశీయుడు ఉరాజ్ ముహమ్మద్ ఖానుగా ఉండగా, అతని ఆస్థానంలోని కాదిర్ అలీ బేగ్ 1602లో ఒక చరిత్ర గ్రంథం రచించాడు.

కజాన్ పడిపోయాక మాస్కోకు ఈ ఖానుతో అవసరం తగ్గిపోయింది. సయ్యద్ బుర్హాన్ 1627లో పసివాడుగా గద్దె ఎక్కాడు. 1650లలో క్రైస్తవం పుచ్చుకొని వాసిలీ అయ్యాడు. బిరుదు మిగిలింది గాని అధికారం మిగల్లేదు. అతని తరువాత తల్లి ఫాతిమా సుల్తాన్ గద్దె మీద ఉన్నది. 1681లో ఆమెతోపాటే సంస్థానమూ ముగిసింది.

గద్దె పోయింది, జనం పోలేదు. పాత మసీదు కూలిపోయినా మినార్ నిలిచింది. మహారాణి కాథరిన్ అనుమతితో 1768లో ఆ మినార్ పక్కనే మళ్ళీ మసీదు కట్టుకున్నారు. ఆమె హయాంలోనే కాసిమోవ్ ఒక మామూలు జిల్లా కేంద్రంగా మారింది. తాతారులు తోళ్ళు, ఉన్ని వ్యాపారాల్లో పైకొచ్చారు. బీదవాళ్ళు పొట్ట చేత పట్టుకొని మాస్కో, పీటర్స్‌బర్గ్ హోటళ్ళలో సర్వర్లుగా చేరారు. సారా ముట్టరు కనుక యజమానులు వాళ్ళను కోరి పెట్టుకొనేవారట. సోవియట్ కాలంలో ఆ మసీదులో మ్యూజియం పెట్టారు.

ఖానుల గద్దెను మాస్కో ఇచ్చింది, మాస్కోయే తీసేసింది. మసీదును మాత్రం ఊరివాళ్ళు అనుమతి అడిగి, తామే కట్టుకున్నారు. ఓకా గట్టు మీద ఆ మసీదూ, పాత మినారూ ఈనాటికీ పక్కపక్కనే ఉన్నాయి.