మెడ దగ్గర చీలిన ఇత్తడి

వానలు వెనకపట్టాక పెట్టెలు తెరిచి చూస్తే తూటాల మెడలు చీలి ఉండేవి. కాల్చింది లేదు, కిందపడింది లేదు. బ్రిటిష్ వాళ్ల జమానాలో మన దేశంలోని సైనిక శిబిరాలను చాలాకాలం వేధించిన చిక్కు ఇది. వానాకాలంలో దండు కదలికలు ఆగిపోతే మందుగుండును గుర్రపుశాలల్లో దాచేవారు. ‘సీజన్ క్రాకింగ్’ అనే ఈ జబ్బు గుట్టును మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు 1921లో విప్పారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఒక దోషి. గుండును బిగించడానికి మెడను నొక్కినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి రెండో దోషి. రెండూ కలిస్తేనే ఇత్తడి పగులుతుంది.

పాత ఫిరంగి తూటాల ఇత్తడి డొల్లలను సేకరించేవాళ్లు ఈ కథను మరిచిపోకూడదు. వాళ్ల దగ్గరకొచ్చే సరుకులో ముందు దెబ్బతినేది మెడే. సొట్ట పడుతుంది, నోరు కోలగా సాగుతుంది. దాన్ని సరిచేయబోయి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే ఆకారం వస్తుంది. దాంతోపాటే లోహంలోకి కొత్త ఒత్తిడీ చేరుతుంది.

అసలు డొల్ల తయారీ అంతా ఈ ఒత్తిడితో పెనుగులాటే. నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్ఫై పాళ్లు జింకు కలిసిన ఇత్తడి బిళ్లను ముందు గిన్నెలా నొక్కుతారు. తర్వాత విడతలవారీగా సాగదీస్తారు. సాగదీసిన ప్రతిసారీ అది గట్టిపడుతుంది. కాల్చి మెత్తబరిస్తేగాని మళ్లీ సాగదు. చివరికి అడుగు గట్టిగా, మూతి మెత్తగా ఉండేలా చూస్తారు. ఫిరంగి పేలగానే ఆ మెత్తని మూతి ఉబ్బి గొట్టం గోడకు అతుక్కుంటుంది. వేడి వాయువు వెనక్కి తన్ని ఫిరంగి వేసేవాడి ముఖాన కొట్టకుండా ఆపేది అదే.

మొదటి ప్రపంచయుద్ధంలో ఒక్క పశ్చిమ రంగంలోనే బ్రిటిష్ 18 పౌండర్ ఫిరంగులు దాదాపు 10 కోట్ల గుండ్లు పేల్చాయి. ఖాళీ డొల్ల సర్కారు సొత్తు. వెనక్కి పంపి శుభ్రం చేసి, సాగిన మూతిని మళ్లీ కొలతకు తెచ్చి, మందు నింపేవారు. అయినా ఎన్నో డొల్లలు కందకాల్లోనే నిలిచిపోయి విషవాయువు వస్తోందని హెచ్చరించే గంటలయ్యాయి.

బిలాస్‌పూర్‌లో కూర్చుని ఈ ఇత్తడి గురించి ఆలోచించడానికి కారణముంది. 1891లో నాగపూర్ - ఆసన్‌సోల్ లైను పూర్తయ్యాక ఇది బెంగాల్ నాగపూర్ రైల్వేలో పెద్ద జంక్షన్ అయింది. ఆ కంపెనీ కొలువుల కోసం సిక్కోలు, విజయనగరం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. ఇక్కణ్నుంచి చీలే లైను కట్నీకి వెళ్తుంది. రెండో యుద్ధం మధ్యలో, 1942లో, కట్నీలో ఆయుధ కర్మాగారం వెలిసింది. ఇత్తడి వంటి ఇనుమేతర లోహాల పనే దాని ప్రత్యేకత. ఇక ఆ సిక్కోలు జిల్లాలోనే ఇత్తడి, కంచు పనికి పేరుపడ్డ బుడితి ఉంది. అక్కడి కంచరికి మెడ తీర్చడం గురించి సైన్యం నేర్పాల్సింది పెద్దగా లేదు. చెంబు మెడైనా ఫిరంగి డొల్ల మెడైనా కొలిమికి ఒకటే.

పని మొదలుపెట్టే ముందు డొల్లను బోర్లించి అడుగు చూడాలి. నడిమి బిళ్ల మీద సూది దెబ్బ పడ్డ గుంట లేకపోతే దాన్ని ఇక తాకకూడదు, కదపకూడదు, నిప్పు దగ్గరకు అసలే తీసుకెళ్లకూడదు. పోలీసులకు కబురు చేయాలి. గుంట ఉన్నంత మాత్రాన ధీమా పడకూడదు. లోపల ఏమీ మిగల్లేదని తెలిసినవాళ్లు తేల్చాలి. అప్పుడే కొలిమి సంగతి.

డొల్ల అడుగును నీళ్ల పళ్లెంలో నిలబెట్టి మెడనొక్కదాన్నే చుట్టూ తిప్పుతూ కాలుస్తారు. నీడలో మసక ఎరుపు కనిపిస్తే చాలు. ఇత్తడి ఉక్కులాంటిది కాదు, నీళ్లలో ముంచినా గట్టిపడదు. మెడ కొలతకు చిత్రిక పట్టిన కర్ర దిమ్మను లోపలికి దించి, కొయ్య సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తారు. మెత్తగా ఉన్నంతసేపూ దెబ్బ చప్పుడు మొద్దుగా ఉంటుంది. ఖంగుమనడం మొదలైతే ఆపి మళ్లీ కాల్చాలి. అక్కడ తొందరపడితే సొట్ట పోయి చీలిక వస్తుంది. ఆకారం కుదిరాక దాదాపు 250 నుంచి 300 డిగ్రీల వేడిలో కాసేపు ఉంచితే గట్టిదనం పోకుండానే మిగిలిన ఒత్తిడి చాలావరకు దిగిపోతుంది. అప్పటి గుర్రపుశాలల్లోని తూటాలకు కరువైంది ఈ ఆఖరి వేడే.

పడేయడంలో, మోయడంలో పడ్డ సొట్టను తీర్చడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ సైనికుడెవరో నడుము నొక్కి, పువ్వులు చెక్కి, పూలకుండీగా మలిచిన డొల్లను మళ్లీ ‘అసలు’ రూపానికి తెస్తామనేవాళ్లుంటారు. అది చరిత్రను చెరపడమే. పైగా నొక్కులు పడ్డచోట లోహం ఎక్కడ పలచబడిందో పైకి కనిపించదు, తిరిగి కొడితే చిరిగిపోవచ్చు.

తళతళలాడాలని అమ్మోనియా కలిసిన పాలిష్ రుద్దేవాళ్లూ ఉన్నారు. గుర్రపుశాలను ఇంటికి తెచ్చుకోవడమే అది. మన ఇళ్లలో బిందెలు తోమే చింతపండు చాలు, తోమాక పులుపు మిగలకుండా కడిగి తుడవాలి. అడుగున ఫిరంగి రకం, తయారుచేసినవాళ్ల గుర్తు, లాటు నంబరు, సంవత్సరం ముద్రించి ఉంటాయి. అక్కడ మాత్రం చింతపండు కూడా వద్దు, పొడిగుడ్డ చాలు.