ఎముకా, మాంసకృత్తులూ: ఒక శతాబ్దపు వాదం

మనిషి ఎముక బరువులో దాదాపు మూడో వంతు మాంసకృత్తులదే. కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు పడుగూపేకల్లా అల్లుకుని ఉంటే, వాటి మీద కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు పేరుకుని గట్టిపడతాయి. ఎముక ఒకపక్క కరుగుతూ, ఇంకోపక్క కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. యాభై దాటాక, ముఖ్యంగా ముట్లుడిగిన ఆడవాళ్లలో, కట్టుకునే దానికంటే కరిగేది ఎక్కువవుతుంది. అలా గుల్లబారిన ఎముక కాలు జారి పడితే చాలు విరిగిపోతుంది. కరిగేది ఖనిజం ఒక్కటే కాదు, ఆ ప్రొటీన్ అల్లిక కూడా. దాన్ని మళ్లీ కట్టుకోవడానికి సరుకు తిండిలోంచే రావాలి. అయినా, మాంసకృత్తులు ఎక్కువ తింటే ఎముకలు కరిగిపోతాయన్న అభిప్రాయం ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో నిలిచింది.

దానికి బీజం 1920లో పడింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెన్రీ షెర్మన్ మనిషికి రోజుకు ఎంత కాల్షియం కావాలో తేల్చే ప్రయత్నంలో, భోజనంలో మాంసం చేర్చినప్పుడు మూత్రంలో కాల్షియం పెరగడం గమనించాడు. అప్పట్లో అలాంటి ప్రయోగాలన్నిటికీ పద్ధతి ఒక్కటే. పాల్గొనే మనిషికి తూచిన తిండే పెడతారు. అందులోంచి నమూనా తీసి, ఎంత కాల్షియం ఉందో లెక్కగడతారు. ఆ రోజుల్లో అతని మలమూత్రాలన్నీ సీసాల్లో పట్టి, వాటిలోని కాల్షియం కూడా కొలుస్తారు. తిన్నదాంట్లోంచి పోయినది తీసేస్తే మిగిలింది ఒంట్లో నిలిచినట్టు లెక్క. ఎంతో ఓపిక కావలసిన పని ఇది. అయితే ఈ లెక్కలో చిక్కొకటి ఉంది. మూత్రంలో కనిపించిన కాల్షియం ఎముకలోంచి వచ్చిందా, పేగు ఆ పూట తిండిలోంచి ఎక్కువ పీల్చుకోవడం వల్ల వచ్చిందా అన్నది అది చెప్పదు. తర్వాత అరవై ఏళ్లకు పైగా సాగిన గందరగోళానికి మూలం ఇక్కడే ఉంది.

మధ్యలో వేరే దారి చూపిన వైద్యుడు బోస్టన్‌లో ఉన్నాడు. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో హార్మోన్ల వ్యాధులు చూసే ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లో తన రోగుల వివరాలు ప్రకటించాడు. అరవై ఐదేళ్లలోపు వయసులో ఎముకలు గుల్లబారిన 42 మందిలో 40 మంది ముట్లుడిగిన స్త్రీలే. ఈ జబ్బులో లోపం కాల్షియంలో లేదనీ, లవణాలు పేరుకోవలసిన ప్రొటీన్ అల్లికే సరిగా తయారుకావడం లేదనీ అతను వాదించాడు. దీంతో ఈస్ట్రోజెన్ హార్మోన్‌కు ప్రాధాన్యం వచ్చింది, ప్రొటీన్ మాట మాత్రం మరుగున పడింది.

1968లో లాన్సెట్ పత్రికలో వాక్‌మన్, బెర్న్‌స్టీన్ రాసిన చిన్న వ్యాసం వాదాన్ని మరో మలుపు తిప్పింది. మాంసకృత్తుల్లో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలుంటాయి. అవి ఒంట్లో విరిగినప్పుడు గంధకామ్లం పుడుతుంది. రక్తం ఆమ్లగుణాన్ని తట్టుకోలేదు కనుక, దాన్ని విరవడానికి ఎముకలోని క్షార లవణాలు కొద్దికొద్దిగా కరుగుతాయనీ, జీవితమంతా సాగే ఆ కరుగుదలే ముసలితనంలో గుల్ల ఎముకలుగా బయటపడుతుందనీ వాళ్ల ఊహ. ఊహ ముచ్చటగానే ఉంది. రసాయనశాస్త్రానికీ విరుద్ధం కాదు. అందుకే అంత త్వరగా నాటుకుపోయింది.

ఆ తర్వాతి దశాబ్దంలో సాక్ష్యాలు కూడా దొరుకుతున్నట్టే కనిపించాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హెలెన్ లింక్స్‌వైలర్ బృందం ప్రొటీన్ పెంచిన కొద్దీ మూత్రంలో కాల్షియం పెరుగుతుందని మళ్లీమళ్లీ చూపింది. ప్రొటీన్ రెట్టింపైతే మూత్రంలో పోయే కాల్షియం సుమారు సగం పెరుగుతుందన్న సూత్రం అలా స్థిరపడింది. అలాస్కా ఉత్తర తీరంలో మాంసం, చేపల మీదే బతికే ఇన్యూట్ జనంలో నలభై దాటినవాళ్ల ఎముకల్లో ఖనిజం అమెరికన్ శ్వేతజాతీయుల కంటే పది పదిహేను శాతం తక్కువని 1974లో తేలింది. 1992లో 16 దేశాల లెక్కలు చూసిన బెంజమిన్ అబెలో, థియోడర్ హోల్ఫర్డ్, కార్ల్ ఇన్‌సోనా జంతు ప్రొటీన్ ఎక్కువ తినే దేశాల్లోనే యాభై దాటిన స్త్రీల తుంటి ఎముకలు ఎక్కువగా విరుగుతున్నాయని చెప్పారు. దేశాలను దేశాలతో పోల్చే ఇలాంటి లెక్కల్ని జాగ్రత్తగా చదవాలి. మాంసం ఎక్కువ తినే దేశాల్లో జనం ఎక్కువ కాలం బతుకుతారు, ఒంటి శ్రమ తక్కువ చేస్తారు. ఎముక విరగడానికి ఇవన్నీ కారణాలే.

చికాగో దగ్గర హైన్స్ ఆస్పత్రిలో హెర్టా స్పెన్సర్ మొదటి నుంచీ ఒప్పుకోలేదు. చాలా ప్రయోగాలు శుద్ధిచేసిన ప్రొటీన్ పొడితో జరిగాయనీ, మామూలు మాంసంలో ప్రొటీన్‌తో పాటు ఫాస్ఫరస్ కూడా ఉంటుందనీ, అది మూత్రంలో కాల్షియం పోకుండా పట్టి ఉంచుతుందనీ ఆమె చూపింది. ఆమె రోగుల్లో నెలల తరబడి మాంసం తిన్నా కాల్షియం నష్టం నిలవలేదు. ఆ మాటకు రావలసినంత గుర్తింపు అప్పట్లో రాలేదు.

వాదాన్ని నిజంగా మార్చింది ప్రయోగశాల కాదు, జెనీవాలోని ఎముకల వార్డు. తుంటి విరిగి చేరిన వృద్ధుల ముందు సరిపడా భోజనమే పెట్టేవాళ్లు, కానీ పళ్లెంలో చాలా భాగం మిగిలిపోయేది. 1990లో అక్కడి వైద్యులు సగటున 82 ఏళ్ల వయసున్న 59 మందిలో కొందరికి మామూలు భోజనంతో పాటు రోజుకు 250 మిల్లీలీటర్ల పానీయం ఇచ్చారు. అందులో సుమారు 20 గ్రాముల ప్రొటీన్ ఉంది. పానీయం తాగినవాళ్లు 24 రోజుల్లో ఇంటిదారి పట్టారు, తాగనివాళ్లకు 40 రోజులు పట్టింది. తేడా తెచ్చింది కేలరీలా, ప్రొటీనా అన్న ప్రశ్నకు 1992లో జవాబు వచ్చింది. ప్రొటీన్ తీసేసి మిగిలినదంతా ఉంచిన పానీయం అంత మేలు చేయలేదు. 1998లో అదే బృందం 82 మందికి ఆరు నెలల పాటు 20 గ్రాముల ప్రొటీన్ ఇచ్చి చూసింది. ఏడాది తిరిగేసరికి విరగని వైపు తుంటి ఎముకలో తరుగు, ప్రొటీన్ అందనివాళ్లతో పోలిస్తే దాదాపు సగమే ఉంది. ఎముక పెరుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ కూడా రక్తంలో పెరిగింది.

2000లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణం నుంచి మరో లెక్క వచ్చింది. 615 మంది వృద్ధుల్ని నాలుగేళ్లు గమనిస్తే, ప్రొటీన్ తక్కువ తిన్నవాళ్లే తుంటిలో, వెన్నులో ఎక్కువ ఎముక పోగొట్టుకున్నారు. రెండేళ్లకు బెస్ డాసన్-హ్యూస్, సుసాన్ హ్యారిస్ దీనికి ఒక షరతు చేర్చారు. అరవై ఐదు దాటినవాళ్లలో ప్రొటీన్ ఎక్కువ తిన్నందువల్ల మేలు కనిపించింది కాల్షియం, డి విటమిన్ అదనంగా అందినవాళ్లకే. చాలా ఏళ్లు ఎదురెదురుగా నిలబెట్టిన ప్రొటీన్, కాల్షియం నిజానికి ఒకదానికొకటి తోడు కావాలి.

మూత్రంలో కనిపించే కాల్షియం ఎక్కడిదన్న పాత ప్రశ్నకు జవాబు చెప్పిన పనిలో, 1992 నాటి లెక్కలో భాగస్వామి అయిన కార్ల్ ఇన్‌సోనా కూడా ఉండడం విశేషం. జేన్ కెర్‌స్టెటర్‌తో కలిసి అతని బృందం కాల్షియం ఐసోటోపుల్ని గుర్తుగా వాడింది. ఒక రకాన్ని నోటి ద్వారా, మరో రకాన్ని రక్తనాళంలోకి ఇస్తే, తిండిలోంచి పేగు పీల్చుకున్న కాల్షియాన్ని విడిగా లెక్కపెట్టవచ్చు. 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ప్రొటీన్ మామూలుగా ఉన్నప్పుడు తిండిలోని కాల్షియంలో 19 శాతం ఒంటబడితే, ఎక్కువ ఉన్నప్పుడు 26 శాతం ఒంటబడింది. మూత్రంలో పెరిగిన కాల్షియం చాలావరకు అదే. ఎముక నుంచి వచ్చే వాటా పెరగలేదు. అదే బృందం 1998లో ఇందుకు మరో ముఖం కూడా చూపింది. ప్రొటీన్ మరీ తగ్గిస్తే పేగు కాల్షియం సరిగా పీల్చుకోక, పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది. ఎముకను కరిగించే హార్మోన్ అదే. 2009లో అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలు ఆమ్ల సిద్ధాంతాన్ని సమర్థించలేదు. 2013లో ప్రాట్-ఏజ్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం 65 దాటినవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 1.0 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలని చెప్పింది. మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిని, డయాలిసిస్ చేయించుకోనివాళ్లను మాత్రం మినహాయించింది.

తెలుగునాట ఈ కథ వేరుగా ఉంది. ఇక్కడ ప్రొటీన్ ఎక్కువ కావడం ఎప్పుడూ సమస్య కాదు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం పేద స్త్రీల ఎముకలు పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించింది. వాళ్ల తిండిలో కాల్షియం రోజుకు 300 మిల్లీగ్రాములకు లోపే. ముప్పై, అరవై ఏళ్ల మధ్యవాళ్లలోనే ఎముకలు గుల్లబారడం కనిపించింది. మెతుకులు ఎక్కువ, పప్పు పలచన, పాలు టీకి సరిపడా ఉండే ఇళ్లలో ప్రొటీనూ కాల్షియమూ కలిసే తగ్గుతాయి. వయసు పెరిగి, అరగడం లేదని రాత్రికి కాస్త మజ్జిగన్నంతో సరిపెట్టుకునేవాళ్లకు పళ్లెం ఇంకా తేలికవుతుంది. నూరు గ్రాముల రాగుల్లో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని ఆ సంస్థ పాత ఆహార పట్టికలే చెబుతున్నాయి. వరి పెరిగి రాగి తగ్గిన ఊళ్లు పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. 2020లో ఆ సంస్థ పెద్దవాళ్లకు కాల్షియం సిఫారసును 600 నుంచి 1000 మిల్లీగ్రాములకు పెంచింది. ప్రొటీన్‌ను కిలోకు 0.83 గ్రాములుగా నిర్ణయించి, ధాన్యం, పప్పు, పాలు 3:1:2.5 పాళ్లలో ఉండాలని చెప్పింది. యాభై ఐదు కిలోల మనిషికి అది రోజుకు 46 గ్రాములు. ప్రాట్-ఏజ్ లెక్కన అయితే 55 నుంచి 66 గ్రాములు.

2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ప్రయోగం ప్రొటీన్, కాల్షియం రెంటినీ కలిపి పరీక్షించింది. ఆస్ట్రేలియాలోని 60 వృద్ధాశ్రమాల్లో 7,195 మంది పాల్గొన్నారు. సగటు వయసు 86. సగం చోట్ల వంటవాళ్లు రోజువారీ వంటల్లోనే పాలు, పెరుగు, జున్ను పెంచారు. మాత్రలేమీ ఇవ్వలేదు. మామూలు వంటలే సాగిన చోట్ల కాల్షియం రోజుకు 700 మిల్లీగ్రాములు, ప్రొటీన్ కిలోకు 0.9 గ్రాములు ఉంటే, ఇక్కడ అవి 1,142కు, 1.1కు చేరాయి. రెండేళ్లలో మిగతా ఆశ్రమాలతో పోలిస్తే ఎముకలు విరగడం 33 శాతం, తుంటి విరగడం 46 శాతం, పడిపోవడం 11 శాతం తగ్గాయి.